మామ్మ దిగిన మగ్గం గుంట

మా వీధి చివర ఇస్త్రీ బండి అతను అప్పుడప్పుడు కాటన్ చీరలకు గంజి పెడతాడు. గంజి పులిసిన రోజున ఆ వాసన వీధంతా తిరుగుతుంది. మొన్న ఉదయం పాలప్యాకెట్ కోసం వెళ్ళినప్పుడు అదే వాసన తగిలింది. పక్కింటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఇతనికి ఎవరైనా చెప్పకూడదా టీచరుగారూ, అంది. నేను అక్కడే నిలబడి ఆ వాసన గుండెనిండా పీల్చుకున్నాను. ఆవిడకు అది కంపు. నా చిన్నప్పటి వేసవి సెలవులన్నీ గడిచింది ఆ వాసనలోనే.

నూజివీడు మనుషుల్ని చిన్నతనం గురించి అడిగితే అందరూ మామిడి తోటల గురించే చెబుతారు. నేనూ చెప్పగలను. చిన్న రసం కాయను అరచేతుల మధ్య మెత్తగా నలిపి, ముచ్చిక కొరికి, మోచేతుల దాకా కారుతుంటే పీల్చడం నాకూ తెలుసు. కానీ తోటల అవతల, వానకు నీళ్ళు నిలిచే పల్లంలో మా పేట ఉండేదని, ఆ పేటలో మగ్గాలు ఆడేవని ఇప్పటివాళ్ళకు చెబితే వింతగా చూస్తారు. పేటలో అందరం క్రైస్తవులమే. సగం ఇళ్ళవాళ్ళు తోటల్లో కూలికి వెళ్ళేవారు. మిగిలినవాళ్ళు ముతక బట్ట నేసేవారు. చీరలు కాదు, పట్టు అసలే కాదు. కప్పుకునే దుప్పట్లు, ఒళ్ళు తుడుచుకునే తువ్వాళ్ళు, మంచాల మీద పరిచే పక్కగుడ్డలు. చుట్టుపక్కల ఊళ్ళలో ఏ ఇంట్లో మంచం వాల్చినా దాని మీద మా పేట బట్టే ఉండేది.

నాన్న చింతలపూడి అవతల ఒక పల్లెలో పంతులు. బడికి సెలవులివ్వగానే నన్ను తీసుకొచ్చి మామ్మ దగ్గర వదిలేసి వెళ్ళేవాడు. ఆ ఇంట్లో మామ్మ, తాతయ్య, ఇంకా పెళ్ళికాని మా అత్త ఉండేవారు. తాటాకు కప్పు, ముందు వసారా. ఆ వసారాలోనే మగ్గం. నేలలో నడుము లోతున గుంట తవ్వి, దాని అంచు మీద తాతయ్య కూర్చునేవాడు. కాళ్ళు గుంటలోకి వేలాడదీసి అడుగున ఉన్న తొక్కుడు కర్రలు తొక్కుతుంటే ముందు పరుచుకున్న నూలు కిందికీ పైకీ విచ్చుకునేది. ఆ పొడవాటి నూలును పడుగు అంటారు. అడ్డంగా పడే నూలు పేక. పేక నూలు చుట్టిన కండెను కడుపులో పెట్టుకుని నాడె అటూ ఇటూ పరుగెత్తేది.

తాతయ్య మగ్గం మీద ఉన్నంతసేపూ ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదు. కానీ కొంటె పనులు ఆగేవి కావు. నూలుకు పట్టించే గంజి కోసం మామ్మ ఉడికించిన అన్నం వార్చకముందే నేను గరిటెతో తీసుకుని ఉప్పు కలుపుకుని తినేదాన్ని. ఖాళీ కండెలు దొంగిలించి తాటికాయ బండికి ఇరుసులు చేసేదాన్ని. మగ్గం వెడల్పు చాలదు కాబట్టి దుప్పటిని రెండు ముక్కలుగా నేసి మధ్యలో కలిపి కుట్టేవారు. మామ్మ కుట్టిన ఆ కుట్టు పడుకుంటే వీపుకు తగిలేది. పేటలోని పిల్లలం ఒకే దుప్పటి మీద పడుకున్నప్పుడు కుట్టుకు ఇవతల నాది, అవతల నీది అని కాళ్ళతో తన్నుకునేవాళ్ళం.

నూలు చుట్టేది, కండెలు పోసేది, గంజి కాచేది, తెగిన పోగు ముడివేసేది, నడుమ కుట్టు కుట్టేది అన్నీ ఆడవాళ్ళే. గుంటలో కాళ్ళు పెట్టి కూర్చునేది మాత్రం మగవాళ్ళు. పేటలో ఆడమనిషి మగ్గం ఎక్కడం ఎవరూ చూడలేదు. ఎందుకని నేను ఒకసారి అడిగితే, అది అంతే, అని అత్త చెప్పింది. అంతకుమించి ఎవరికీ తెలియదు.

నేను చెప్పబోయే వేసవిలో తోటల కామందుగారి ఇంట్లో పెళ్ళి కుదిరింది. రాతి స్తంభాల మండువా ఇల్లు. ఆ ఇంట్లో ఏ పెళ్ళి జరిగినా విడిదికి కావలసిన దుప్పట్లూ తువ్వాళ్ళూ తాతయ్యే నేయాలి. ఆయన తండ్రి కూడా వాళ్ళకే నేశాడట. మా బట్ట వాళ్ళ పందిరి మంచాల మీదికి ఎక్కేది, మేము మాత్రం వాళ్ళ వసారా మెట్టు ఎక్కేవాళ్ళం కాదు. పెరటి వైపు కొట్టం అరుగు మీద మూట దించి దూరంగా నిలబడాలి. లోపలినుంచి ఎవరో వచ్చి దాని మీద పసుపు నీళ్ళు చల్లి తీసుకెళ్ళేవారు. అది మామూలే అన్నట్టు అందరూ ఉండేవారు.

పడుగు సగం నేత పడ్డాక ఒకరోజు పొద్దున్నే నాడె చప్పుడు ఆగిపోయింది. నేను వేపచెట్టు కింద మామిడికాయ ముక్కలకు ఉప్పూకారం అద్దుకుంటున్నాను. కండె అయిపోయిందేమో అనుకున్నాను. మామ్మ వెళ్ళి చూస్తే తాతయ్య పక్కకు ఒరిగి పడుగు మీద పడి ఉన్నాడు. నోరు ఒక వైపుకు లాగేసింది. కుడి చెయ్యి గుంటలోకి వేలాడుతోంది. అందరూ వచ్చి ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. పక్షవాతం అన్నారు. నాటు మందు రాశారు, పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. కామందుగారి ఇంటినుంచి కూడా ఒక గంప నిండా పండ్లు వచ్చాయి. తాతయ్య మాట ముద్దగా అయిపోయింది. ఆయన ఏం చెబుతున్నాడో మామ్మకు ఒక్కతికే అర్థమయ్యేది.

మా పెద్దతాత, అంటే తాతయ్య అన్న, రెండిళ్ళ అవతల ఉండేవాడు. నేతవాళ్ళలో పెద్దమనిషి. ఆయన వచ్చి మగ్గం చుట్టూ తిరిగి చూసి, పడుగు కోసి ఇచ్చేస్తే తన మగ్గం మీద ఎక్కించుకుని పూర్తి చేస్తానన్నాడు. తన మగ్గం మీదున్న పని అయ్యాకే అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఆయన పని అయ్యేసరికి పెళ్ళి అయిపోతుందని మామ్మకు తెలుసు. పైగా కోసిన పడుగు మళ్ళీ అతకాలంటే సగం నూలు పాడవుతుంది. ఆ నూలు అరువు మీద తెచ్చింది.

మామ్మ ఆయన మాట పూర్తిగా విని, కొయ్యొద్దు బావగారూ, అంది. మరి ఎవరు నేస్తారని ఆయన అడిగాడు. ఆవిడ తలుపు వెనక నిలబడే మాట్లాడింది. బావగారి ఎదుట ఎప్పుడూ అలాగే మాట్లాడేది.

"నేను నేస్తాను."

పెద్దతాత నవ్వలేదు, కోప్పడలేదు. ఆడమనిషి గుంటలో దిగిన ఇంట్లో పడుగు నిలవదని చెప్పి వెళ్ళిపోయాడు.

మరునాడు పొద్దున్నే మామ్మ చద్దన్నం తిని, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. ప్రార్థన అయ్యాక గుంట అంచున కూర్చుని రెండు కాళ్ళూ లోపలికి దించింది. అత్త గోడకు ఆనుకుని ఏడుపు మొహంతో నిలబడింది. నేను మాత్రం గుంటలోంచి పామో తేలో వస్తుందేమోనని వంగి చూస్తున్నాను. ఏమీ రాలేదు. మామ్మ కాలి మట్టెలు తొక్కుడు కర్రకు తగిలి టక్కుమన్నాయి. అంతే.

అంతకాలం పక్కన కూర్చుని చూసిన పని అయినా చేతికి రావడం సులువు కాలేదు. నాడె విసిరితే అవతలికి చేరకుండా కింద పడేది. నేను పరుగెత్తి తెచ్చి ఇచ్చేదాన్ని. కాలు ఒకటి తొక్కబోయి ఇంకోటి తొక్కేది. బట్ట అంచు ఒకచోట బిగిసి ఒకచోట వదులై వంకరగా వచ్చింది. మామ్మ ఆ కాస్తా విప్పేసి మళ్ళీ మొదలుపెట్టింది. సాయంత్రానికి నడుము పట్టేసి గోడ పట్టుకుని లేచింది.

ఆ రోజంతా తాతయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మామ్మ అన్నం కలిపి తినిపించబోతే నోరు తెరవలేదు. ఆయనకు జబ్బు కన్నా ఇది పెద్ద దెబ్బ అని అత్త అంది. మామ్మ ముద్ద పళ్ళెంలో పెట్టేసి, నువ్వు తినకపోయినా నేను దిగుతాను, తిన్నా దిగుతాను, తినడమే మంచిది, అని నెమ్మదిగా చెప్పింది. కాసేపటికి ఆయన నోరు తెరిచాడు.

ఆ తర్వాత చాలా రోజులు ఆయన గోడ వైపే తిరిగి ఉండేవాడు. కానీ చెవులు మగ్గం మీదే ఉన్నాయని నేనే మొదట కనిపెట్టాను. మామ్మ చేతి ఊపు సరిగ్గా ఉన్నప్పుడు ఆయన ఎడమ చేతి వేలు మంచం పట్టె మీద ఊరికే కదిలేది. తప్పినప్పుడు పిడికిలితో పట్టెను గట్టిగా కొట్టేవాడు. మామ్మ వెంటనే ఆగి చూసుకునేది. ఎక్కడో ఒక పోగు తెగి ఉండేది. వాళ్ళిద్దరూ అలా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే ఆ పడుగు పూర్తి చేశారు.

పేటలో మాత్రం గుసగుసలు పెరిగాయి. బావి దగ్గర మాకు చోటు ఇవ్వడానికి వెనకాడారు. పాస్టరుగారు వచ్చి వసారాలో కూర్చుని, మజ్జిగ తాగి, చాలాసేపు ఎండల గురించి మాట్లాడి, చివరికి పదిమందికీ నచ్చని పని ఎందుకమ్మా అన్నారు. ఇందులో పాపం ఉందాండి అని మామ్మ అడిగింది. పాపమేమీ లేదన్నారాయన. అయితే సాయంకాలం ప్రార్థన కూడికకు వస్తానండి, అని చెప్పి మామ్మ మళ్ళీ గుంట వైపు వెళ్ళింది.

శనివారం నాన్న వచ్చాడు. తను జీతం పంపుతుంటే తల్లి మగ్గం తొక్కడం తనకు తలవంపులని అన్నాడు. బడిలో తోటి పంతుళ్ళకు తెలిస్తే ఏమనుకుంటారన్నాడు. మామ్మ మెత్తళ్ళ చేపలు, మామిడికాయ వేసి కూర వండి వడ్డిస్తూ అన్నీ విన్నది. నీ చదువుకి ఈ మగ్గమేగా కూడు పెట్టింది, అప్పుడు తలవంపులు కాలేదా, అని అడిగింది. నాన్న మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కానీ ఆ పూట కూర రెండోసారి వడ్డించుకోలేదు.

అసలు ఇబ్బంది రెండో పడుగు దగ్గర వచ్చింది. తువ్వాళ్ళ కోసం కొత్త పడుగు వేయాలి. దాన్ని వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వాలి. ఎండ ముదిరితే నూలు బిరుసెక్కి తెగిపోతుంది కాబట్టి తెల్లవారగానే మొదలుపెట్టాలి. ఇంటికొకరు చొప్పున మగవాళ్ళు వచ్చి పట్టడం పేటలో అలవాటు. ఎవరి పడుగు అయినా అందరూ పట్టేవారు. ఈసారి ఎవరూ రాలేదు. అత్త ఇంటింటికీ వెళ్ళి అడిగి వచ్చింది. ఒకరికి నడుము నొప్పి, ఒకరికి తోటలో కావలి.

మామ్మ, అత్త, నేను పడుగు కర్రలు పట్టుకుని వీధిలో నిలబడ్డాం. గంజి కుండ పొయ్యి మీదినుంచి దించి చాలాసేపయింది. పైన మీగడ కట్టి పులుపు వాసన మొదలైంది. ఆ సమయంలో తోటకు కాయలు సర్దడానికి వెళ్ళే ఆడవాళ్ళు గుంపుగా ఆ వీధిన వచ్చారు. గంపల్లో గడ్డి పరిచి కాయలు పేర్చే పని వాళ్ళది. మామిడి సొన పడి చేతుల మీద చర్మం నల్లగా కాలి ఉండేది. వాళ్ళలో వయసులో పెద్దావిడ, నోటి దురుసుకు పేరుపడ్డ మనిషి, ఆగి మమ్మల్ని చూసింది.

"ఏంటి, మగాళ్ళు రాలేదా?"

రాలేదని మామ్మ చెప్పింది.

"మంచిదేలే. ఆ కుంచె ఇటివ్వు."

ఆవిడ తలమీది గంప దించి గోడవారన పెట్టింది. వెనకాలవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తోటకు ఆలస్యమైతే మేస్త్రి వెనక్కి పంపేస్తాడని ఒకతె గొణిగింది. పంపితే పంపనీ అని ఇంకొకతె గంప దించింది. ఆ తర్వాత అందరూ దించారు. కొంగులు బిగించి పడుగుకు రెండు వైపులా వరసగా నిలబడ్డారు. నాకూ ఒక చిన్న కుంచె ఇచ్చారు. గంజి చేతుల మీదుగా కారి మోచేతుల దగ్గర ఎండి పొలుసులు కట్టింది. సొనకు కాలిన చేతులకు గంజి చల్లగా ఉందని వాళ్ళు నవ్వుకున్నారు. మేస్త్రి మీద, మొగుళ్ళ మీద, అత్తల మీద నేను వినకూడని మాటలెన్నో అన్నారు. నేను అన్నీ విన్నాను. మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని బీడీలు కాలుస్తూ చూశారు. లేచి రావాలని వాళ్ళలో కొందరికి ఉన్నట్టే ఉంది, మొదట ఎవరు లేవాలో తెలియక కూర్చుండిపోయారు. పెద్దతాత మాత్రం ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

పడుగు ఆరేసరికి బాగా పొద్దెక్కింది. వాళ్ళు అలాగే తోటకు వెళ్ళారు. మేస్త్రి తిట్టాడట కానీ పనిలోంచి పంపలేదు. అంతమందిని పంపేస్తే ఆ రోజు లారీకి కాయలు ఎవరు ఎక్కిస్తారు.

పెళ్ళికి కొద్ది రోజుల ముందు బట్ట పూర్తయింది. ఎర్ర అంచు దుప్పట్లు, నీలం చారల తువ్వాళ్ళు. మామ్మ వాటిని ఉతికి, ఆరేసి, మడతల్లో వేపాకు వేసి మూటలు కట్టింది. బయల్దేరే ముందు పెద్దతాత వచ్చాడు. ఈసారి గొంతు తగ్గించి మాట్లాడాడు. పెళ్ళివారి ఇల్లు, పట్టింపులు ఉంటాయి, అడిగితే నేను నేశానని చెప్పు అమ్మాయ్, నేనేమీ అనుకోను, అన్నాడు. ఆయన మంచికే చెప్పాడు. మామ్మ తల ఊపింది. ఒప్పుకుందనే నేను అనుకున్నాను.

పెరటి అరుగు మీద మూటలు దించాం. పందిళ్ళు వేస్తున్నారు. నేతి వాసన, అరిసెల పాకం వాసన గుప్పున కొట్టి నాకు నోరూరింది. అమ్మగారే స్వయంగా బయటికి వచ్చారు. మూట విప్పించి ఒక దుప్పటి పరిపించారు. అంచు చేత్తో తడిమారు. బాగున్నాయనే అన్నారు. తాతయ్య ఆరోగ్యం అడిగారు. అప్పుడు వెనకనుంచి పనిమనిషి ఏదో చెవిలో చెప్పింది. అమ్మగారి చెయ్యి దుప్పటి మీదినుంచి లేచింది.

"ఎవరు నేశారివి?"

"నేనే నేశానండి, అమ్మగారూ."

పందిరి గుంజలు పాతుతున్నవాళ్ళు కూడా పని ఆపి చూశారు. అమ్మగారు కోపంగా లేరు. నాకు ఇప్పటికీ ఆ మొహం గుర్తుంది, అందులో ఉన్నది భయం. శుభమా అని అమ్మాయి పెళ్ళి చేస్తున్నామనీ, ఆడది గుంటలో దిగి నేసిన బట్ట మీద వియ్యాలవారిని పడుకోబెట్టారని రేపు ఏమైనా జరిగితే అంటారనీ చెప్పారు. తర్వాత గొంతు తగ్గించారు.

"ఇంతమందీ విన్నారు కాబట్టి అడుగుతున్నాను. మీ బావగారు నేశారని ఒక్కమాట చెప్పు. తీసుకుంటాను."

ఒక్కమాటే. అత్త మామ్మ కొంగు పట్టుకుని లాగింది. ఇంట్లో తాతయ్య మందులున్నాయి, నూలు అరువుంది, అన్నీ ఆ మాట మీదే ఉన్నాయి. పనిమనిషి కూడా, చెప్పవే, నోరు పోతుందా, అంది. మామ్మ వంగి దుప్పటి మడత పెట్టడం మొదలుపెట్టింది. అంచుకు అంచు కలిపి, చేత్తో నిమిరి, తొందర లేకుండా మడిచింది.

"ఆయన నేస్తే ఆయనే అని చెప్పేదాన్నండి. నడుము విరిగింది నాది. ఉంటానండి అమ్మగారూ."

మేము మూటలు మళ్ళీ నెత్తికెత్తుకున్నాం. తోటల మధ్యనుంచి నడుస్తుంటే అత్త ఏడుస్తూనే ఉంది. కలెక్టరు మామిడి చెట్టు కింద మామ్మ మూట దించి కూర్చుంది. నేను రాలిన కాయ ఒకటి తెచ్చి ఇచ్చాను. ఆవిడ దాన్ని రాయి మీద పగలగొట్టి మా ముగ్గురికీ పంచింది. పుల్లటి ముక్క నములుతూ, ఏడిస్తే ఇంటికెళ్ళాక ఏడవండి, ఇక్కడ చెట్లు వాళ్ళవి, అంది. ఆ మాటకు అత్తకు ఏడుపులోనే నవ్వు వచ్చింది.

మరుసటి సంతకు విస్సన్నపేట వెళ్ళాం. మామ్మ గోనెపట్టా పరిచి దుప్పట్లు పేర్చింది. మాకంటే ముందే కబురు చేరిపోయింది. కొందరు మగవాళ్ళు వచ్చి కావాలనే అడిగేవారు, ఎవరు నేశారు అని. అడిగిన ప్రతివాడికీ మామ్మ ఒకటే జవాబు, నేనే నేశాను, అని మొహంలోకి చూసి చెప్పేది. కొందరు నవ్వి వెళ్ళిపోయారు. ఒకరిద్దరు తువ్వాళ్ళు కొన్నారు. సాయంత్రం కావస్తుండగా తెల్లచీర కట్టుకున్న ఒకావిడ వచ్చి కూర్చుంది. మిషన్ ఆసుపత్రిలో నర్సు. దుప్పటిని రెండు చేతులతో పట్టి బలంగా లాగి చూసింది. ఉడకబెడితే ఆగుతుందా అని అడిగింది. ఆగుతుందని మామ్మ చెప్పింది. అలవాటు ప్రకారం, నేనే నేశానమ్మా, అని కూడా అడక్కుండానే చెప్పేసింది. నర్సు తలెత్తి, మరి మీరు కాక ఇంకెవరు నేస్తారు, అమ్మేది మీరేగా, అంది. అందులో చెప్పుకోవాల్సిన సంగతేముందో ఆవిడకు అర్థం కాలేదు. ఆవిడ ఆ దుప్పట్లన్నీ తీసుకుని, వార్డుకు ఇంకా కావాలని చెప్పి వెళ్ళింది. ఆ వేసవి మొత్తంలో మామ్మ ఏడవడం నేను చూసింది అప్పుడే, ఖాళీ గోనెపట్టా దులుపుతూ.

నేను బడి తెరిచే రోజుకు వెళ్ళిపోయి మళ్ళీ క్రిస్మస్‌కు వచ్చేసరికి ఇంట్లో మార్పు కనిపించింది. తాతయ్య మంచం దిగాడు. గోడకు ఆనుకుని కూర్చుని ఎడమ చేత్తో రాట్నం తిప్పుతూ మామ్మకు కండెలు పోస్తున్నాడు. అది ఆడవాళ్ళ పని. వీధిలో పోయేవాళ్ళు ఎగతాళి చేస్తే, ముద్ద మాటతో ఏదో తిట్టి మళ్ళీ తిప్పేవాడు. కండెలు వదులుగా వచ్చేవి. మామ్మ ఒక్కటి కూడా వెనక్కి ఇవ్వలేదు. గంజి కుంచె అందుకున్న ఆ నోటి దురుసు ఆవిడ కోడలు కూడా మగ్గం మీద కూర్చుంది. ఆసుపత్రి పనికి ఒక మగ్గం చాలలేదు మరి.

ఆ మరుసటి వేసవిలో మా ఇంటి ముందు గూడుబండి ఆగింది. కామందుగారి అమ్మాయి దిగింది. నిండు నెలలు. పురిటికి పుట్టింటికి వచ్చిందట. పుట్టబోయే బిడ్డకు మెత్తటి పక్కగుడ్డలు కావాలంది. మిల్లు బట్ట పసివాళ్ళకు ఉడుకు పుట్టిస్తుందట. పేటంతా గుమ్మాల్లోకి వచ్చింది. వాళ్ళింటి మనిషి మా వీధిలోకి రావడం అదే మొదలు. మామ్మ మంచం వాల్చింది. ఆ అమ్మాయి కూర్చుంటుందా లేదా అని అందరం చూశాం. ఆమె ఆయాసపడుతూ కూర్చుంది.

"ఆడమనిషి నేసినవమ్మా ఇవి. మీ అమ్మగారికి తెలుసా?" అని మామ్మ లోపలినుంచి పక్కగుడ్డలు తెచ్చి చూపిస్తూ అడిగింది.

"నాకు తెలిసే వచ్చానండి."

అండి అంది. వాళ్ళింట్లో పసిపిల్లలు కూడా మా తాతయ్యను ఏరా అని పిలిచేవారు. ఆ ఒక్క మాట విని మామ్మ చేతిలోని బట్ట అలాగే పట్టుకుని ఉండిపోయింది. తర్వాత ఉన్నవాటిలో మెత్తటివి ఏరి ఇచ్చింది. ఆ అమ్మాయి మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళింది.

ఆ మగ్గాలు ఇప్పుడు లేవు. మిల్లు దుప్పట్లు చవకగా వచ్చాయి, ఆసుపత్రి కూడా వాటికే మళ్ళింది, మా అత్త తరంతో నేత ఆగిపోయింది. గుంటలు పూడ్చి పైన సిమెంటు చేశారు. మా ఇల్లున్న చోట కాయలు మగ్గపెట్టే షెడ్డు ఉంది. మా వయసువాళ్ళు కలిసినప్పుడు ఆ రోజులే రోజులని నిట్టూరుస్తారు. నేను నిట్టూర్చను. పెరటి అరుగూ, పసుపు నీళ్ళూ, అది అంతే అనే జవాబూ పోయినందుకు నాకు ఏ దిగులూ లేదు. ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే అవీ పోవాలి. ఆ దుప్పటి కప్పుకుంటే ఒంటికి తగిలే బరువు కోసం మాత్రం వేసవిలో కూడా ప్రాణం కొట్టుకుంటుంది.

మామ్మ పోయేనాటికి నేను ఉద్యోగంలో చేరాను. సమాధి రాయి నేనే చేయిస్తానన్నాను. మా శ్మశానంలో ఆడవాళ్ళ రాళ్ళన్నీ ఒకటే తీరు. పేరు, ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి. మగవాళ్ళ రాళ్ళ మీద పంతులనో, నేతగాడనో, ఉపదేశి అనో ఉండేది. ఆడవాళ్ళకు పని రాయడం సంఘంలో ఎప్పుడూ లేదని పెద్దలు అన్నారు. నాన్న కూడా ఎందుకమ్మా లేనిపోనిది అన్నాడు. నేను మైలవరం వెళ్ళి రాళ్ళు చెక్కే ఆయన దగ్గర కూర్చున్నాను. పేరు చెప్పాను, ఆయన రాతి మీద సుద్దతో రాసుకున్నాడు. దాని కింద ఏం రాయాలో చెప్పాక సుద్ద ఆపి నా వైపు చూశాడు.

"నేతగాని భార్య అనేగా, టీచరుగారూ?"

"కాదండీ. నేతరి."

"ఆడమనిషికా?"

"అవునండీ. కాస్త లోతుగా చెక్కండి," అన్నాను.